గోడవారన పెట్టిన కొర్రన్నం

హాస్టల్ మెస్సుల్లో కొత్తగా వంటకు చేరిన అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు ఈమధ్య మా ఇంటికి వచ్చి పోతున్నారు. "అనసూయక్కా, వంద మందికి బియ్యం ఎంత, పప్పు ఎంత, జర కాగితం మీద రాసియ్యరాదు" అంటారు. అది నన్ను అడగాల్సిన పనేముంది తల్లీ! మొదటి వారం మాడుతుంది, రెండో వారం మిగులుతుంది, మూడో వారానికి చెయ్యే చెబుతుంది. నేను రాయదలచుకున్నది అది కాదు. ఎవరికి ఏం పడుతుంది, ఏం పడదు, అది తెలిశాక ఎలా పెట్టాలి. పెట్టేటప్పుడు నోరు ఎలా ఉంచుకోవాలి. ఈ చివరిది నాకు ఆలస్యంగా తెలిసింది.

నా కొలువు

హన్మకొండలో టీచర్ ట్రైనింగ్ చదివే ఆడపిల్లల హాస్టల్ ఒకటి ఉండేది. డెబ్బైల మొదట్లో అందులో వంటకు చేరాను. ఎనభైలు ముగిసేదాకా అక్కడే ఉన్నాను. మాది నేత పని చేసే ఇల్లు. మగ్గం మీద పని తగ్గి, ఇల్లు గడవక, నేను గరిట పట్టుకున్నాను. పిల్లలందరికీ అనసూయక్కను. నా గొంతు ఎంత గట్టిదంటే, వంటింట్లో మాట్లాడితే గేటు దగ్గర వాచ్‌మన్ ఉలిక్కిపడేవాడు. దానికి అప్పట్లో నేను మురిసిపోయేదాన్ని కూడా.

"అడగందే అమ్మైనా పెట్టదు" అంటారు కదా. అమ్మ సంగతి ఏమో గానీ హాస్టల్ వంటామె మాత్రం అడగకముందే పెట్టాలి. ఎందుకంటే ఆ పిల్లలు అడగరు. పల్లెల నుంచి మొదటిసారి బయటికొచ్చిన పిల్లలు. రెండోసారి అన్నం పెట్టమంటే ఎవరేమనుకుంటారో అని పళ్లెం కడుక్కుని లేచిపోతారు. రాత్రి దుప్పటి కప్పుకుని ఏడుస్తారు. ఇంటి మీద బెంగ అని అందరూ అనుకుంటారు. సగం ఏడుపు ఆకలిదే, నేను చూశాను కదా.

సద్ది, చద్ది

మా హాస్టల్లో ఏడాదికొక్క పెద్ద పండగ. దసరా సెలవులిచ్చే ముందు సాయంత్రం పిల్లలంతా ఆవరణలో బతుకమ్మ ఆడతారు. సెలవులకు బిడ్డలను తీసుకుపోవడానికి వచ్చిన తల్లులు కూడా కలుస్తారు. పొద్దు గూకాక వరండాలో వరసగా కూర్చుని సద్దులు తింటారు. పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, పెరుగు సద్ది, మలీద ముద్దలు.

నేను చేరిన ఏడే కొత్త వార్డెన్ వచ్చారు. సుభద్రమ్మగారని, గుంటూరు వైపు ఆవిడ. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. సద్దులకు ముందురోజే చింతపండు పులుసు ఉడికిస్తుంటే వచ్చి చూశారు.

"ఏమిటిది అనసూయా?"

"రేపటి సద్దులకమ్మా."

ఆవిడ మొహం మాడిపోయింది. "పండగపూట పిల్లల చేత చద్దన్నం తినిపిస్తావా? నేనుండగా వీల్లేదు. అన్నీ రేపు సాయంత్రం వేడివేడిగా వండాలి."

వాళ్ల వైపు చద్దన్నం అంటే రాత్రి మిగిలిన అన్నం. మా దగ్గర సద్ది అంటే ముందే వండి, మూట కట్టుకుని, అందరూ కలిసి కూర్చున్న చోట విప్పుకునేది. ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. సరే, అధికారి మాట. వేడివేడిగానే వండాం. వేడన్నంలో పులుసు కలిపితే పులిహోర కాదు, సంకటి అయింది. అయిదు పొయ్యిల మీద అయిదు వంటలు ఒక్కసారి కావాలంటే ఎలా అవుతాయి? పిల్లలు ఆడి ఆడి అలసిపోయి గోడలకు జారగిలబడ్డారు. చంటిపిల్లలతో వచ్చిన తల్లులు బస్సులు పోతున్నాయని ఖాళీ కడుపుతో వెళ్లిపోయారు. వంటింట్లో ఉన్న మేం నలుగురం బతుకమ్మ మొహం కూడా చూడలేదు.

ఆ మర్నాడు సుభద్రమ్మగారు వంటింట్లోకి వచ్చి పీట వేసుకుని కూర్చున్నారు. "నాదే పొరపాటు అనసూయా. ముందే ఎందుకు వండుకుంటారో నాకిప్పుడు అర్థమైంది. వండేవాళ్లు కూడా ఆడుకోవాలి కదా" అన్నారు. నేను చాలా మంది పెద్దవాళ్ల కింద పనిచేశాను. తప్పు చేయని వాళ్లను చూడలేదు. చేసిన తప్పును వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చుని ఒప్పుకున్న మనిషి ఈవిడొక్కతే.

ముందే వండేవాళ్లకు

పులిహోర పులుసు ముందురోజు ఉడికించి పెట్టుకోండి. నిలవ ఉన్నకొద్దీ రుచి పెరుగుతుంది. అన్నం పలుకుగా వార్చి, చాప మీద తెల్లగుడ్డ పరిచి ఆరబోయండి. పెరుగు సద్దిలో పాలెక్కువ పోసి, తోడుకు పెరుగు చెంచాడే వేయండి. మధ్యాహ్నం కలిపింది సాయంత్రానికి కమ్మగా ఉంటుంది. పెరుగు మీద ప్రేమతో గిన్నెడు పోశారా, తినే వేళకు పళ్లు పులుస్తాయి. కొబ్బరి మాత్రం ముందే కలపకూడదు, వాసనొస్తుంది. మలీద మాత్రం ముందే చేసేయవచ్చు. రొట్టెలు, బెల్లం, నెయ్యి కలిపి దంచి ముద్దలు కడితే రెండు రోజులైనా చెడదు.

ఈ సద్దుల్లో మా పెద్దలు ఎంత తెలివి పెట్టారో నాకు వండగా వండగా తెలిసింది. ఒక్కదాంట్లోనూ ఉల్లి, వెల్లుల్లి ఉండవు. ఉల్లి తినని ఇళ్ల పిల్లలు, శనివారం ఒక్కపొద్దు ఉండే పిల్లలు, మాంసం లేనిదే ముద్ద దిగని మా నేతోళ్ల పిల్లలు, అందరూ ఒకే వరసలో కూర్చుంటారు. ఒక పిల్లకు పల్లీలు పడవు, ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. పోపులో పల్లీలు వేయకముందే ఆమె వంతు తీసేదాన్ని. పళ్లు లేని అమ్మమ్మలకు పెరుగు సద్ది మెత్తగా పిసికి పెట్టేదాన్ని. ఒక ఏడు రంజాన్ నెలలోనే మా పండగ వచ్చింది. సుల్తానా అనే పిల్ల రోజా ఉంది. "నాకు పక్కన తీసిపెట్టు అక్కా, తర్వాత తింట" అంది. "పక్కకెందుకే పిచ్చిదానా, మేం తినేది సుత పొద్దు గూకినంకనే గదా" అన్నాను. ఆమె ఖర్జూరపండు నోట్లో వేసుకునే వేళకే అందరి విస్తళ్లలో సద్దులు పడతాయి.

నేను తప్పు చేసింది ఆ ఏడే.

నా నోటి తప్పు

స్వరూప అని ఒక పిల్ల. హసన్‌పర్తి దాటాక ఒక పల్లె. తల్లి మల్లమ్మ కూలికి పోయి చదివిస్తోంది. వాళ్ల వాడలో పది దాటి చదివిన మొదటి ఆడపిల్ల. చిన్న వయసులోనే షుగర్ బీమారి పట్టుకుంది. రెండు పూటలా సూది వేసుకోవాలి. అప్పట్లో గాజు సూది, ప్రతిసారీ నీళ్లలో మరిగించాలి. అది నా పొయ్యి మీదే మరిగేది. మందు సీసా నా మంచినీళ్ల కుండ పక్కన తడిగుడ్డలో ఉండేది.

డాక్టరు దగ్గరికి ఒకసారి నేనే వెంట వెళ్లాను. "సూది పడ్డాక అరగంటలో తిండి పడాలె. పడకపోతే చెమటలు పట్టి, చేతులు వణికి, మనిషి పడిపోతది. అప్పుడు వెంటనే తియ్యటిది నోట్లె వెయ్యాలె, లేకుంటే పాణానికే మోసం" అని చెప్పాడు. తెల్లన్నం తగ్గించి కొర్రలో జొన్నలో పెట్టమన్నాడు. వార్డెన్‌కూ నాకూ తప్ప ఈ సంగతి హాస్టల్లో ఎవరికీ తెలియదు. "ఎవలకు చెప్పకక్కా, బీమారి పిల్లంటే రేపు నౌకరి ఇయ్యరు, లగ్గం కాదు" అని స్వరూప నా చేతులు పట్టుకుంది.

పండగ నాడు అందరిలా సద్దులు తినాలని ఆ పిల్లకు ఉండదా? అందుకే కొర్రన్నం వండి, అదే పులుసు, అదే నువ్వుల పొడి కలిపాను. చిన్న గిన్నెలో పెట్టి, పెద్ద గిన్నెల్లో కలిసిపోకుండా గోడవారన విడిగా ఉంచాను. గుర్తుకు ఎర్రదారం కూడా కట్టాను. ఎంత జాగ్రత్త చేశానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

పొద్దు వాలింది. స్వరూప వంటింట్లో సూది వేసుకుని వరండాలోకి వెళ్లింది. ఇంకో పావుగంటలో వడ్డన. అప్పుడే మల్లమ్మ వచ్చి బిడ్డ పక్కన నిలబడింది. ఇంతలో ఇంకో పిల్ల తల్లి, పాపం, సాయం చేద్దామని గోడవారన ఉన్న గిన్నె తీయబోయింది. నేను వంటింటి గడప మీద నుంచి చూశాను. కొర్రన్నం ఎవరి విస్తట్లోనో పడితే స్వరూపకు ఏం పెట్టాలి? ఆ గాబరాలో నా గొంతు మొత్తం విప్పాను.

"అగో, దాన్ని ముట్టకుండ్రి! అది స్వరూపది! అది వేరే!"

ఆట ఆగిపోయింది. మల్లమ్మ ఆ గిన్నె వైపు చూసింది. అందరికీ తెల్లటి సన్నబియ్యం అన్నం. తన బిడ్డకు పేదోళ్లు తినే కొర్రలు. అది కూడా గోడవారన, దారం కట్టి. నాకు ఇదేదీ తట్టలేదు. మల్లమ్మ నా వైపు చూసింది. నేను సన్నగా నవ్వి, కొబ్బరి కలపడానికి లోపలికి పోయాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

వడ్డనకు వచ్చి చూస్తే వరసలో స్వరూప లేదు. సుల్తానా పరుగెత్తుకొచ్చింది. "అక్కా, స్వరూపను వాళ్లమ్మ తీస్కపోయింది. సెలవులకు కాదట, మొత్తానికే. స్వరూప చెప్పబోతే సుత ఇనలే. పెట్టె, పరుపు అన్ని కట్టుకొని పోయిండ్రు. నువ్వు ముట్టకుండ్రి అన్నవ్ గదా, గందుకేనట."

పిల్ల చదువు పోయిందన్న ఆలోచన తర్వాత వచ్చింది. ముందు సూది గుర్తొచ్చింది. సూది పడింది, తిండి పడలేదు. "వడ్డించుండ్రి, నా కోసం చూడకుండ్రి" అని అరిచి, ఆ కొర్రన్నం గిన్నె సంకన పెట్టుకుని బయటికి ఉరికాను.

బస్టాండులో

దారంతా బతుకమ్మ ఆడి వస్తున్న ఆడవాళ్లే. ఎక్కిన రిక్షా కదిలితే కదా! "జర తొవ్వ ఇయ్యుండ్రమ్మా, పిల్ల పాణం మీదికొచ్చింది" అని అరుచుకుంటూ పోయాను. ఆరోజు నా గొంతు పనికొచ్చింది అక్కడొక్కచోటే.

బస్టాండులో సిమెంటు బెంచీ పక్కన, నేల మీద, రేకు పెట్టెకు ఆనుకుని స్వరూప కూర్చుని ఉంది. రవిక చెమటకు తడిసిపోయింది. కళ్లు మూతలు పడుతున్నాయి. మల్లమ్మ బిడ్డ మొహం కొంగుతో తుడుస్తూ "ఏమైతాంది బిడ్డా, ఏమైతాంది" అంటోంది. నన్ను చూడగానే లేచి అడ్డం నిలబడింది.

"నువ్వెందుకచ్చినవమ్మా? ఇంకేమన్న మిగిలిందా?"

"నన్ను తర్వాత తిట్టక్కా. నీ దగ్గర తియ్యటిది ఏమన్న ఉన్నదా?"

"తియ్యటిది నా బిడ్డకు పడదు. రోజు కూడు పెట్టేదానివి, నీకు తెల్వదా?"

"ఇప్పుడు గదే పడాలె. సూది ఏసుకున్నంక తినలేదు. తియ్యటిది పెట్టకపోతే పిల్ల దక్కదు!"

మల్లమ్మ నా మొహం ఒక్క క్షణం చూసింది. తర్వాత చటుక్కున తన మూట విప్పింది. మోదుగాకులో చుట్టిన మలీద ముద్దలు. పల్లె నుంచి దంచుకొచ్చింది. నేను ఒక ముద్ద చిదిపి కొద్దికొద్దిగా పిల్ల నోట్లో పెట్టాను. "నములు బిడ్డా, మింగు" అంటూ గొంతు నిమిరాను. మల్లమ్మ రెండో ముద్ద చిదిపి నాకు అందిస్తోంది. ఎంతసేపు గడిచిందో తెలియదు. రెండు బస్సులు వచ్చి పోయాయి. మెల్లగా చెమట ఆగింది. స్వరూప కళ్లు తెరిచి, "అక్కా, నువ్వెందుకున్నవిక్కడ?" అంది. నేను నేల మీద కూలబడి ఏడ్చాను. బస్టాండులో అందరూ చూస్తున్నా నాకేం అనిపించలేదు.

ఏడుపు ఆగాక అంతా చెప్పాను. కొర్రలు డాక్టరు పెట్టమన్నాడని, ఇంకెవరైనా తింటే పిల్లకు లేకుండా పోతుందని అరిచానని, బీమారి సంగతి పదిమందిలో చెప్పకూడదు కనుక కారణం చెప్పలేదని. మల్లమ్మ అంతా విన్నది.

"మా ఊరి హోటల్ల మాకు గ్లాసు వేరే. బడిల కుండకాడ నా బిడ్డను ముట్టకు అన్నరు. హన్మకొండకు పంపితే గా మాట ఇనవడదనుకున్న. నువ్వు సుత గదే మాట అంటివి" అంది.

"నా మనసుల అది లేదక్కా."

"నీ మనసుల ఏమున్నదో నాకెట్ల కనవడ్తదమ్మా? నాకు ఇనవడ్డదే నాకెరుక. గీ మలీద మీ సద్దులల్ల పెడదామని దంచుకొచ్చిన. గా మాట ఇన్నంక మూట ఇప్పబుద్ధి కాలే."

గ్లాసు వేరే పెట్టే హోటళ్లలో నేనూ టీ తాగాను. ఆ గ్లాసులు చూశాను, చూసి ఊరుకున్నాను. గోడవారన గిన్నె పెట్టేటప్పుడు నాకేమీ తట్టకపోవడానికి కారణం అదే. నన్నెవరూ ఎప్పుడూ గోడవారన కూర్చోబెట్టలేదు. "తప్పయిందక్కా" అన్నాను. అంతకన్నా ఏమంటాను?

స్వరూప తల్లి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, రోజు నా సూది ఉడకవెట్టేది ఈ అక్కనే."

"రోజా?"

"రోజు. రెండు పూటల."

మల్లమ్మ నేను తెచ్చిన గిన్నె దగ్గరికి లాక్కుని కొర్రన్నం బిడ్డకు తినిపించింది. చివరికి ఆకులో మిగిలిన మలీద ముద్దను రెండు చేసి సగం నా ముందు చాపింది. నోటితో తినమనలేదు. నేను తింటానా తిననా అని చూస్తోంది. ఆ చేతిలోంచే తీసుకుని తిన్నాను. పొద్దున్నుంచి కడుపులో ఏమీ పడలేదేమో, రెండో ముద్ద కూడా అడుగుదామనిపించింది. లేదు మరి.

మూడో బస్సు వచ్చింది. స్వరూపను ఎక్కించి, పరుపుచుట్ట లోపల పడేసి, మల్లమ్మ పెట్టె దగ్గర ఆగింది. ఆ పెట్టెలోనే పిల్ల పుస్తకాలన్నీ ఉన్నాయి.

"ఈ పెట్టె మోసుకుంట ఎందుకు తిరుగుడు" అంది నా వైపు చూడకుండా. "నీ దగ్గర్నే ఉండనియ్యమ్మా. సెలవులైనంక పిల్ల వస్తది గదా."

పెట్టె నెత్తిన పెట్టుకుని హాస్టల్‌కు నడిచాను. అంత బరువు మోసి అంత తేలిగ్గా ఎప్పుడూ నడవలేదు.

మరుసటి ఏడు

వంటకు చేరబోయే పిల్లలకు నేను చెప్పేది ఇదే. పడనివాళ్లకు వేరే వండండి, తప్పదు. కానీ వేరే పెట్టకండి. ఒకరికి కొర్రన్నం కావాలంటే అందరికీ ఒక్కో ముద్ద వచ్చేలా కొర్రన్నం వండండి. అప్పుడది ఒకరి పథ్యం కాదు, సద్దుల్లో ఇంకో సద్ది. ఆమె వంతు నాలుగు ముద్దలు ఎక్కువ పడితే ఎవరు చూడొచ్చారు? "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు" అన్నారు. అది బాగా తిన్నవాళ్లు కట్టిన మాట. వడ్డించేది మీరైతే కడబంతే లేకుండా చూడండి.

మరుసటి ఏడు అలాగే వండాను. పెద్ద గిన్నె నిండా కొర్రల పులిహోర. పొద్దున్నే గేటు తీస్తుండగా, బిడ్డను సెలవులకు తీసుకుపోవడానికి మల్లమ్మ వచ్చింది. వంటింటి బయట, బాదం చెట్టు కింద కూర్చుంది. "లోపలికి రా అక్కా" అంటే, "ఇక్కడ మంచిగనే ఉన్నదమ్మా" అంది. నేను చేతిలో పని వదిలేసి వెళ్లి, చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గరికి తెచ్చాను.

సద్దులు గౌరమ్మకు పెట్టేవి. పెట్టకముందు ఎంగిలి చేయకూడదని, ఉప్పు కూడా చూడకూడదని మా అమ్మ నాకు చిన్నప్పుడే నేర్పింది. అప్పటిదాకా ఏ ఒక్క ఏడూ ఆ మాట తప్పలేదు. సుభద్రమ్మగారు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. నేను గిన్నెలోంచి కొర్రన్నం గరిటెడు తీసి మల్లమ్మ అరచేతిలో పెట్టాను.

"ఉప్పు చూడు" అన్నాను.

ఆమె గిన్నె వైపు, వార్డెన్ వైపు, నా వైపు చూసింది. సుభద్రమ్మగారు పీట తెచ్చి వేశారు. మల్లమ్మ పీట మీద కూర్చుంది. నిదానంగా నోట్లో వేసుకుంది, నమిలింది. అప్పటిదాకా నన్ను అమ్మా అనే పిలిచిన మనిషి.

"జర తక్కువైంది, వదినె" అంది.